పెట్టెలో లేని డోలు

మా మామ డోలు వాయిస్తాడు. నేను ఆ డోలును కంప్యూటర్‌లో రాస్తాను. ఈ రెండు పనుల మధ్య మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. అందులో నా తప్పు కూడా ఉంది. అందుకే రాయడానికి ఇంతకాలం చెయ్యి ఆడలేదు.

మాది శబరి ఒడ్డున, కునవరం మండలంలో ఒక చిన్న కోయ గూడెం. శబరి గోదావరిలో కలిసేది కునవరం దగ్గరే. నా చిన్నతనంలో అది ఖమ్మం జిల్లా. 2014లో మమ్మల్ని ఆంధ్రలో కలిపారు. మా ఇంట్లో కోయ మాట, ఆశ్రమ పాఠశాలలో తెలుగు మాట. ఇక్కడ మామ, అవ్వ అన్న మాటలన్నీ వాళ్లు కోయలో అన్నవే. చదివేవాళ్ల కోసం తెలుగులో పెడుతున్నాను.

మామ డోలు వాళ్ల నాయన చేసింది. గుమ్మడి టేకు దుంగ తొలిచి, రెండు మూతులకు తోలు కట్టాడు. ఒక పక్క మందం తోలు, ఒక పక్క పలచ తోలు. ఒక పక్క కర్ర, ఒక పక్క చెయ్యి. వాయించేముందు మామ ఎండాకులు పోగుచేసి మంట పెట్టి, డోలును తిప్పి తిప్పి కాస్తాడు. వానాకాలంలో తోలు చెమ్మగిల్లి గొంతు దిగిపోతుంది. కాస్తే మళ్లీ పైకి లేస్తుంది. పెళ్లికి ఒక దరువు, చావుకు ఒక దరువు, వేల్పులకు ఒక దరువు. చీకట్లో దూరం నుంచి వింటే చాలు, ఏ ఊళ్లో ఏం జరుగుతోందో మా అవ్వ చెప్పేసేది.

నేను ఇంటర్ తప్పి, 2004లో ఖమ్మంలో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో పనికి కుదిరాను. టీ తేవడం, వైర్లు చుట్టడం, చెప్పులు బయట సర్దడం నా పని. అప్పటికి క్యాసెట్లు పోతూ సీడీలు వస్తున్నాయి. భక్తి పాటలు, ఎన్నికల పాటలు, జానపదాలు రోజుకు మూడు నాలుగు అయ్యేవి. అన్ని పాటలకూ వాయిద్యాలు వినిపించేవి గాని, వాయించేవాళ్లు ఒక్కరూ కనిపించేవాళ్లు కాదు. ప్రోగ్రామర్ సారు ఒక్కడే కీబోర్డు ముందు కూర్చునేవాడు. వేణువు, వయొలిన్లు, తబలా, గిటారు అన్నీ బల్ల కింద ఉన్న ఒక నల్ల పెట్టెలోంచి వచ్చేవి. దానికి మెట్లు లేవు. ఒక చిన్న తెర, కొన్ని బొత్తాలు, తిప్పడానికి ఒక చక్రం. దాని మీద రోలాండ్ జేవీ-1080 అని రాసి ఉంది. జపాన్ కంపెనీది, 1994లో వచ్చిన మాడల్.

ఆరు నెలలు దాన్ని దుమ్ము తుడిచాను. తర్వాత సారు దగ్గర మెల్లగా నేర్చుకున్నాను.

తెలియనివాళ్ల కోసం ఆ పెట్టె పని చెబుతాను. కీబోర్డు నుంచి పెట్టెకు వెళ్లే తీగలో పాట పోదు, ఆజ్ఞలు మాత్రమే పోతాయి. 'ఫలానా మెట్టు నొక్కాను, ఇంత గట్టిగా నొక్కాను, ఇప్పుడు వదిలాను' అని. ఆ ఆజ్ఞల భాష పేరు మిడి. 1983లో వేరువేరు కంపెనీలు కలిసి ఒప్పుకున్న భాష అది. ఒక తీగలో పదహారు చానళ్లు ఉంటాయి. ప్రతి ఆజ్ఞ మీదా అది ఏ చానల్‌కో రాసి ఉంటుంది. ఒకటో చానల్ ఆజ్ఞను వేణువు తీసుకుంటే, రెండోది వయొలిన్ తీసుకుంటుంది. పదోది మామూలుగా డప్పు సామానుది. అలా ఒకే పెట్టె ఒకేసారి పదహారు మంది వాయిద్యగాళ్లలా పని చేస్తుంది. దాన్ని మల్టీటింబ్రల్ అంటారు. కంప్యూటర్‌లో ఉండే సీక్వెన్సర్ ఆ ఆజ్ఞలన్నిటినీ వరుసగా గుర్తుపెట్టుకొని, అడిగినప్పుడు పెట్టెకు పంపుతుంది. మా దగ్గర కేక్‌వాక్ అనే సీక్వెన్సర్ ఉండేది.

ఆ తీగ సన్నని కాలిబాట లాంటిది. అడవి దారిలో మనం ఒకరి వెనక ఒకరం నడిచినట్టు, ఆజ్ఞలు ఒకదాని వెనక ఒకటి పోతాయి. సెకనుకు 31,250 బిట్లు దాని వేగం. అంటే ఒక్కో స్వరానికి సెకనులో వెయ్యో వంతు పడుతుంది. పదిహేను స్వరాలు ఒకే దెబ్బకు పెడితే, చివరిది మొదటిదాని కంటే కొంచెం వెనకబడుతుంది. అందుకని దరువును ముందు నడవనిచ్చి, మెత్తగా లేచే వయొలిన్లను వెనక పెట్టాలి. కరెంటు పోయి వస్తే పెట్టె మనం మార్చినవి మరిచిపోతుంది. అందుకని పాట మొదలయ్యే ముందు ఒక ఖాళీ ఆవృతం వదిలి, ఏ చానల్‌కు ఏ వాయిద్యం, ఎంత ధ్వని, ఎడమ కుడి ఎక్కడ అన్నవన్నీ అక్కడే రాసిపెట్టాలి. ఇవి సారు చెప్పినవి కొన్ని, నేను దెబ్బలు తిని నేర్చుకున్నవి కొన్ని.

ఆ పెట్టె ఒకేసారి 64 గొంతులు పలుకుతుంది. అది ఎక్కువ అనిపిస్తుంది గాని, ఒక నిండైన వయొలిన్ల ధ్వనిలో ఒక్కో మెట్టుకు నాలుగు గొంతులు ఖర్చవుతాయి. నాలుగు మెట్లు కలిపి నొక్కితే పదహారు పోయినట్టే. అలాంటివి రెండు మూడు ఒకదాని మీద ఒకటి పడ్డాయంటే గొంతులు చాలవు. అప్పుడు పెట్టె ఏదో ఒక పాత స్వరాన్ని మధ్యలో తెంపి కొత్తదానికి ఇస్తుంది. పాటల్లో నేను గమనించింది, ముందుగా తెగేది దరువు తోక. దెబ్బ కొట్టాక మిగిలే గుమ్మనే శబ్దం తెగిపోయి, ఉత్త 'టక్' మిగులుతుంది.

దానికి మందు కూడా పెట్టెలోనే ఉంది. వాయిస్ రిజర్వ్ అంటారు. ఏ చానల్‌కు ఎన్ని గొంతులు తప్పకుండా దక్కాలో ముందే రాసిపెట్టవచ్చు. పదో చానల్‌కు పన్నెండు రాస్తే, మిగతావాళ్లు ఎంత గోల చేసినా ఆ పన్నెండు జోలికి రాలేరు. నేను మొదటిసారి అది రాస్తుంటే వెనకనుంచి ఒకాయన, 'ఏరా, ఇక్కడ కూడా రిజర్వేషనేనా మీకు?' అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఎందుకు నవ్వానా అని ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పెద్ద ధ్వనులు చోటంతా తినేస్తుంటే చిన్న ధ్వని తెగిపోకుండా కాపాడేదాన్ని ఆ యంత్రం చేసినవాళ్లు న్యాయమే అనుకున్నారు. మనుషులే ఎగతాళి చేశారు.

1991లో అన్ని కంపెనీలకూ కలిపి ఒక పట్టీ పెట్టారు. జనరల్ మిడి అంటారు. 128 వాయిద్యాలు, వాటి నెంబర్లు. ఏ పెట్టెలోనైనా 1 అంటే పియానో. 105 నుంచి 112 వరకు ఎనిమిది వాయిద్యాలను జాతుల వాయిద్యాలని ఒక గుంపు చేశారు. సితార ఉంది, షహనాయి ఉంది, జపాన్‌వి రెండు, ఆఫ్రికాది ఒకటి ఉన్నాయి. నేను ఆ పట్టీని వేలు పెట్టి మొత్తం చదివాను. డోలు లేదు. ఎక్కడో జపాన్‌లో, అమెరికాలో కూర్చున్నవాళ్లకు మా గూడెం డోలు తెలియాలని నేను అనను. కాని ప్రపంచం అంతా ఇందులో ఉందని సారు చెప్పినప్పుడు, మేం లేమని నాకు తెలిసింది. డోలు కావలసినప్పుడు 117లో ఉన్న జపాన్ పెద్ద డప్పును తీసుకొని, గొంతు కొంచెం దించి, దాని మీద 118లో ఉన్న టామ్‌ను కలిపేవాణ్ని. దూరం నుంచి వింటే డోలు అనుకుంటారు. మామ అనుకోడు.

ఆ స్టూడియోలో ఒకసారి రేల పాటల సీడీ చేశారు. నాలుగు పాటలు మా అవ్వ దగ్గర నేను తెచ్చినవే. అట్ట మీద 'సాంప్రదాయ జానపదం' అని వేశారు. అవ్వ పేరు లేదు, గూడెం పేరు లేదు. అడిగితే, 'జానపదానికి పేరేంటి, అది అందరిదీ' అన్నారు. అందరిదీ అన్నప్పుడు డబ్బు మాత్రం ఒకరికే ఎందుకు పోతుందో నాకు అప్పుడు అడగడం రాలేదు.

2009లో ఆ స్టూడియో మూతపడే స్థితికి వచ్చింది. అన్నీ కంప్యూటర్ లోపలే దొరుకుతుంటే పెట్టెలు ఎవరికి కావాలి? నా జీతం బాకీలో కొంత పట్టుకొని, పైన కొంత కట్టి, ఆ నల్ల పెట్టెను నేనే తెచ్చుకున్నాను. బస్సులో భద్రాచలం దాకా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. కునవరంలో రోడ్డు పక్కన ఒక గది అద్దెకు తీసుకొని, మా పాటలు మేమే చేసుకుందాం అనుకున్నాను.

మొదటి పాట అవ్వది. అక్కడే మొదటి చిక్కు వచ్చింది. అవ్వ గొంతులో మూడో స్వరం కీబోర్డు మీద ఏ మెట్టులోనూ లేదు. తెల్లమెట్టుకు కింద, నల్లమెట్టుకు పైన ఉంటుంది. వేణువును అవ్వ వెంట నడిపిస్తే అవ్వే తప్పు పాడుతున్నట్టు వినిపించింది. 'నేనేమైనా తప్పు పాడానా?' అని ఆమె భయపడింది. ఎనభై ఏళ్ల మనిషి, ఆ పాట వాళ్ల అవ్వ దగ్గర నేర్చుకున్నది. పెట్టెలో స్కేల్ ట్యూన్ అని ఒక ఏర్పాటు ఉంది. ఒక్కో స్వరాన్ని విడిగా దించవచ్చు, ఎక్కించవచ్చు. ఒక మెట్టుకూ పక్క మెట్టుకూ మధ్య దూరం వంద సెంట్లు. నేను ఆ మూడో స్వరాన్ని మూడు నాలుగు సెంట్ల చొప్పున దించుకుంటూ పోయాను. ముప్పై దగ్గర అవ్వ తల ఎత్తి, 'ఇప్పుడు నాతో పాడుతోంది' అంది. నా బతుకులో ఆ పెట్టెతో చేసిన మంచి పని అదే.

డోలు దగ్గర మాత్రం అంత ఓపిక పట్టలేదు. మామను పిలవలేదు. అతని దరువు నాకు తెలుసు గదా అని వేళ్లతో కీబోర్డు మీద కొట్టాను. సీక్వెన్సర్‌లో ఒక్కో బీటును 120 టిక్కులుగా కోస్తారు. నా దెబ్బలు అటూ ఇటూ పడ్డాయి. క్వాంటైజ్ అనే ఆజ్ఞ ఇచ్చాను. అది ప్రతి దెబ్బనూ పట్టుకుపోయి దగ్గర గీత మీద నిలబెడుతుంది. బడిలో ప్రార్థనకు పిల్లల్ని వరుసలో నిలబెట్టినట్టు. రెండు ఆవృతాలు రాసి, మళ్లీ మళ్లీ అతికించాను. వేగం 112. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు పాట అయిపోయింది.

కుర్రవాళ్లకు అది బాగా నచ్చింది. మెమరీ కార్డుల్లో చింతూరు దాకా, భద్రాచలం దాకా పోయింది. మా భాషలో పాట పెద్ద బాక్సుల్లో మోగుతుంటే నాకు గర్వంగా ఉండేది. అలాంటివి ఇంకో పది చేశాను.

2013 ఎండాకాలంలో పక్క గూడెంలో పెళ్లి. బండి మీద పోతుంటే వాగు ఇవతలికే నా పాట వినిపించింది. సంతోషంగానే పోయాను. పోయి చూస్తే మామ చింతచెట్టు కింద చుట్టాలతో కూర్చొని ఉన్నాడు. భుజాన డోలు లేదు. ఆ ఇంట్లో అంతకుముందు మూడు తరాల పెళ్లిళ్లకు మా వాళ్లే డోలు వాయించారు. పెళ్లి పెద్దను పక్కకు పిలిచి అడిగాను. 'మీ మామ జట్టు ఐదుగురు. అన్నం, సారా, డబ్బులు అన్నీ పెట్టాలి. డీజే అయితే ఒక్కడే, మూడు వేలు. పాట మనదే గదా. నువ్వు చేసిందే గదా' అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకుంటూనే అన్నాడు.

ఆ రాత్రి ఆట చూశాను. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకొని వరుస కట్టారు. నాలుగు నిమిషాల ఇరవై సెకన్లకు పాట ఆగింది. వరుస మధ్యలో కాలు గాలిలో ఉండిపోయింది. తర్వాత పాట వచ్చేలోపు చేతులు విడిపోయాయి. రెండు పాటలు అయ్యాక ముసలివాళ్లు పోయి కూర్చున్నారు. డోలు ఉన్నప్పుడు ఒక్కో పాట వరుస అలిసిపోయేదాకా నడుస్తుంది. ఎప్పుడు ఆగాలో వరుసే చెబుతుంది. నా పాటలో ఎప్పుడు ఆగాలో మూడేళ్ల కిందట కునవరం గదిలో నేను చెప్పేశాను.

ఇంటికి నడుస్తుంటే మామ తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చాలాసేపటికి, 'అల్లుడా, నీ పెట్టెను కాచక్కర్లేదా?' అన్నాడు.

'అక్కర్లేదు మామా.'

'ఒకసారి చెబితే చాలు, రాత్రంతా అదే వాయిస్తదా?'

'అదే వాయిస్తది.'

'అందుకే ముసలోళ్లు కూర్చున్నరు. దానికి కళ్లు లేవు. నేను చేతులతో వాయిస్తననుకుంటున్నవా? వాళ్ల కాళ్లు చూసి వాయిస్త.'

తర్వాత అన్న మాట నన్ను ఎక్కువ కాల్చింది. 'దానికి ఇచ్చిన మూడు వేలలో నీకెంత వచ్చింది?' అని అడిగాడు. నాకేమీ రాలేదు. పాట మెమరీ కార్డులో దొరికింది గదా. అంటే అట్ట మీద అవ్వ పేరు వెయ్యనివాళ్లు మాకు చేసినదే, నేను మామకు చేశాను. పైగా నాకు రూపాయి కూడా రాకుండా చేశాను.

తర్వాతి ఏడు విజ్జ పండుం నాడు చేతి రికార్డర్ ఒకటి తీసుకుపోయి, మామ వాయిస్తుండగా, ఆట జరుగుతుండగా పట్టాను. ఇరవై రెండు నిమిషాలు ఒకే పాట. గదికి తెచ్చి కంప్యూటర్‌లో వేసి, దాన్ని వింటూ ప్రతి బీటుకూ ఒక మెట్టు నొక్కుతూ పోయాను. అలా చేస్తే అతని వేగం ఎక్కడ ఎంతో గీతల్లో కనిపిస్తుంది. మొదట 92 ఉంది. చివరికి 118 అయింది. మధ్యలో వరుస వంగి తిరిగే ప్రతిచోటా మూడు నాలుగు తగ్గి, మళ్లీ లేచింది. పలచ తోలు మీద పడే చేతి దెబ్బ గీత మీద ఎప్పుడూ పడలేదు. ఆరు నుంచి ఎనిమిది టిక్కులు వెనక పడింది. నిమిషానికి వంద బీట్ల దగ్గర ఒక టిక్కు అంటే సెకనులో 200వ వంతు. ఆ చిన్న ఆలస్యంలోనే అడుగు కింద పడుతుంది. నేను క్వాంటైజ్ చేసి తీసేసింది దాన్నే. తప్పు అనుకొని సరిచేశాను.

ఈసారి పెట్టెను మామ వెనక నడిపించాను. అతని వేగం మీదనే వేణువును, తంబురను, మిగతావాటిని రాశాను. అతను ఆగిన చోట అవి ఆగాయి. ఈ పెట్టెలో బయటి శబ్దాన్ని పట్టి దాచే వీలు లేదు, ఫ్యాక్టరీలో పోసినవే పలుకుతుంది. అందుకని డోలు విడిగా ఆడియోలోనే ఉంచాను. మామకు వినిపించాను. కళ్లు మూసుకొని విన్నాడు. 'వెనక వచ్చేటోళ్లు బాగనే వస్తున్నరు' అన్నాడు. ఆ పదిహేను వాయిద్యాలనూ అతను మనుషుల్లాగే లెక్కేశాడు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఆటకు అడిగినవాళ్లకు దరువు ఉన్న పాట ఇవ్వను. పదో చానల్‌ను మూసేసి, వేణువూ గొంతులూ మాత్రమే ఇస్తాను. 'దరువు కావాలంటే డోలు జట్టును పిలవండి' అంటాను. ఇది గెలిచిందని చెప్పను. కొందరు డీజేలు నా పాట మీద సినిమా దరువు అతికించుకున్నారు. కొందరు నా దగ్గరకు రావడమే మానేశారు. కాని ఐదారు గూడేల్లో మళ్లీ డోలును పిలుస్తున్నారు. ఐదుగురిని పిలవలేనివాళ్లు ఇద్దరిని పిలుస్తున్నారు.

2022 జూలైలో గోదావరి భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు వచ్చింది. శబరి వెనక్కి తన్ని కునవరం మునిగింది. నా గదిలో నీళ్లు నడుము పైకి వచ్చాయట. మేం అప్పటికే గుట్ట మీద ఉన్నాం. తిరిగి వచ్చి చూస్తే నల్ల పెట్టె నిండా ఒండ్రు. ఆరబెట్టాను, కడిగాను, వెలగలేదు. మామ డోలు కూడా తడిసి రెండు తోళ్లూ కుళ్లాయి. దుంగ మాత్రం గట్టిగానే ఉంది. నెలన్నరలో కొత్త తోలు కట్టుకున్నాడు. నా పెట్టెను బాగుచేసేవాడు నాకు ఇప్పటికీ దొరకలేదు.

పాటల ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో మిగిలాయి. మిడి ఫైలు చాలా చిన్నది. అందులో శబ్దం ఉండదు, ఆజ్ఞలే ఉంటాయి. ఇంకో కంప్యూటర్‌లో వేస్తే దాని దగ్గర ఉన్న గొంతులతో పాడుతుంది. అవ్వ కోసం దించిన ఆ మూడో స్వరం అక్కడ దిగలేదు. ఆ సర్దుబాటు పాత పెట్టెలో చేసింది, ఫైలులో రాసుకోలేదు. అవ్వ ఇప్పుడు లేదు. ఆమె పాడిన రికార్డింగ్ పక్కన పెట్టుకొని మళ్లీ మూడు నాలుగు సెంట్ల చొప్పున దించుకుంటూ వచ్చాను. ఈసారి చాలని తల ఎత్తి చెప్పేవాళ్లు లేరు. నా చెవినే నమ్మాను.

ఇప్పుడు మా పిల్లలు ఫోనులోనే పాటలు చేస్తున్నారు. పెట్టె అక్కర్లేదు, తీగ అక్కర్లేదు. వాళ్లను వద్దనను. మన పాట మన చేతుల్లో ఉండాలంటే ఆ పని మనకు రావాలి. నేను అడిగేది ఒక్కటే. గీత మీద పడని దెబ్బను తప్పనుకొని సరిచేసేముందు, అది ఎవరి చెయ్యో, ఎవరి కాళ్లు చూసి పడిందో ఒకసారి వెళ్లి అడగండి.

మిడి ఫైలులో ప్రతి ట్రాక్‌కూ పేరు రాసే చోటు ఉంటుంది. చాలామంది ఫ్లూట్, బేస్ అని రాసి వదిలేస్తారు. నేను ఇప్పుడు అక్కడ పాడినవాళ్ల పేరూ గూడెం పేరూ రాస్తున్నాను. సీడీ అట్ట మీద ఎక్కని అవ్వ పేరు అక్కడ ఉంది. బయటికి ఇచ్చే ఫైలులో పదో చానల్ ట్రాక్ కూడా తీసెయ్యను. అందులో ఒక్క దెబ్బ కూడా ఉండదు. పేరు దగ్గర మా మామ పేరు ఉంటుంది.